మొదటి సాలార్‌జంగ్

సర్ మీర్ తురాబ్ అలీ ఖాన్, మొదటి సాలార్‌జంగ్ (1829 - ఫిబ్రవరి 8, 1883) హైదరాబాదు రాజ్యానికి 1853 నుండి మరణించే వరకు, దాదాపు 30 సంవత్సరాలు దివానుగా (ప్రధానమంత్రిగా) పనిచేసిన పాలనాదక్షుడు. నాసిరుద్దౌలా, అఫ్జలుద్దౌలా, మీర్ మహబూబ్ అలీ ఖాన్ అనే ముగ్గురు నిజాముల కాలంలో ఆయన ఆ పదవిలో కొనసాగాడు. సాలార్‌జంగ్ మ్యూజియం వలన ఈ పేరు అందరికీ తెలిసినదే అయినా, మ్యూజియంలోని వస్తువులలో అధిక భాగాన్ని సేకరించినది ఈయన కాదు, ఈయన మనుమడు మూడవ సాలార్‌జంగ్ (మీర్ యూసుఫ్ అలీ ఖాన్, 1889-1949). జిల్లాల ఏర్పాటు, భూమి శిస్తు సంస్కరణ, న్యాయస్థానాలు, రైలు మార్గం మొదలైనవి మొదటి సాలార్‌జంగ్ పేరుమీద చెప్పబడుతున్నాయి. కాని వీటన్నింటి వెనుక ఉన్న సమస్య ఒక్కటే. రాజ్యం మోయలేనంత సైన్యం, ఆ సైన్యానికి నెలనెలా ఇవ్వవలసిన జీతం. పాతనగరంలోని దివాన్ దేవిడీలో కూర్చుని ఆయన 30 ఏళ్ళు విప్పిన చిక్కుముడి ఇదే.

బాల్యము, కుటుంబము

సాలార్‌జంగ్ వంశీకులు మదీనా నుండి వచ్చి బీజాపూరులో స్థిరపడినవారని చెబుతారు. 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో దివానుగా ఉన్న మీర్ ఆలం, ఆ తరువాత ఆ పదవి పొందిన మునీరుల్ముల్క్ ఈ కుటుంబానికి చెందినవారే. మీర్ ఆలం చెరువు పేరు విననివారు హైదరాబాదులో ఉండరు. తండ్రి చిన్నతనంలోనే మరణించడంతో తురాబ్ అలీ ఖాన్ పినతండ్రి సిరాజుల్ముల్క్ సంరక్షణలో పెరిగాడు. పార్సీ, అరబ్బీ భాషలతో పాటు ఇంగ్లీషు కూడా నేర్చుకున్నాడు. సుమారు 19 ఏళ్ళ వయసులో ఖమ్మం ప్రాంతానికి తాలూక్‌దారుగా కొద్ది నెలలు పనిచేశాడు. శిస్తు వసూలు ఎలా జరుగుతుందో, వసూలైన సొమ్ము ఖజానాకు చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందో అక్కడే కళ్ళారా చూచి ఉంటాడు. ఆ తరువాత కొంతకాలం కుటుంబపు జాగీర్ల వ్యవహారాలు చూచుకున్నాడు.

పూర్వరంగం - మూడు సైన్యాలు, ఒక ఖజానా

సాలార్‌జంగ్ పనిని అర్థం చేసుకోవాలంటే అంతకు ముందు 50 సంవత్సరాల లెక్క తెలియాలి. 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న సైన్య సహకార ఒప్పందం ప్రకారం ఫ్రెంచి అధికారుల క్రింద ఉన్న పటాలాలను రద్దుచేసి, కంపెనీ దళాలను తన ఖర్చుతో ఉంచుకోవడానికి అంగీకరించాడు. 1800లో ఆ దళాలను పెంచి, నగదుకు బదులుగా భూమినే ఇచ్చివేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు కంపెనీ పరమైనది ఆ ఒప్పందంతోనే. నేటి రాయలసీమను చాలాకాలం దత్త మండలాలు అనడానికి కారణం ఇదే. ఇలా ఒక సైన్యానికి శాశ్వతంగా భూమి చెల్లించడమైంది. ఆ దళాలకు సికింద్రాబాదు దండు కేంద్రమైంది.

భూమి ఇవ్వడంతో ఖర్చు తీరలేదు. అదే ఒప్పందంలో, యుద్ధం వస్తే నిజాము 6,000 మంది పదాతులను, 9,000 మంది ఆశ్వికులను కంపెనీకి తోడుగా పంపాలని ఉంది. 1803 నాటి మరాఠా యుద్ధంలో నిజాము దళాల తీరు కంపెనీ అధికారులకు నచ్చలేదు. తరువాత రెసిడెంటుగా వచ్చిన హెన్రీ రస్సెల్ (1811-1820), అప్పుడు రాజ్యవ్యవహారాలు నడుపుతున్న పేష్కారు మహారాజా చందూలాల్ సహకారంతో, ఇంగ్లీషు అధికారుల క్రింద కవాతు నేర్చిన కొత్త దళాన్ని ఏర్పాటు చేశాడు. మొదట రస్సెల్ బ్రిగేడు అనబడిన ఈ దళమే క్రమంగా నిజాము కాంటింజెంటుగా పెరిగింది. బొల్లారం దీనికి ముఖ్య కేంద్రం. దీని ఖర్చు ఏడాదికి సుమారు 40 లక్షల రూపాయలు. యుద్ధంలో మాత్రమే పంపవలసిన సేన శాంతి కాలంలో కూడా పూర్తి జీతంపై కొనసాగింది. శాంతి కాలంలో ఈ సైన్యాన్ని పోషించాలని ఒప్పందం నిజామును నిర్బంధించదని గవర్నర్ జనరల్ డల్హౌసీయే తన వ్రాతలలో ఒప్పుకున్నాడు. అయినా బాకీ మాత్రం వసూలు చేశాడు.

మూడవది నిజాము సొంత సైన్యం. అరబ్బులు, రోహిల్లాలు, సిక్కులు మొదలైన కిరాయి దళాలు, పాయిగా అమీర్ల బలగాలు ఇందులోనివి. కాంటింజెంటు ఇంగ్లీషు అధికారుల చేతిలో ఉండటం వలన, పాతనగరంలో తమ మాట వినే బలం ఒకటి ఉండాలని ప్రతి దివానూ, ప్రతి అమీరూ అరబ్బులను పోషించారు. ఒకే పనికి మూడు సైన్యాలు, మూడింటికీ ఒకే ఖజానా.

ఖజానా సంగతి మరీ అన్యాయం. శిస్తు వసూలు అధికారాన్ని ఎక్కువ మొత్తానికి పాడుకున్నవారికి గుత్తకు ఇచ్చేవారు. వారు ఏడాది సొమ్ములో కొంత ముందుగా చెల్లించి, తరువాత రైతును పిండేవారు. సిపాయికి నెల జీతం నెలకు కావాలి. శిస్తు మాత్రం పంటకు వస్తుంది. వర్షం తప్పితే అదీ రాదు. ఈ మధ్య కాలాన్ని పూడ్చడానికి సాహుకార్ల దగ్గర అప్పు తప్పనిసరి. విలియం పామర్ స్థాపించిన పామర్ కంపెనీ కాంటింజెంటు జీతాల కోసం నూటికి 24, 25 రూపాయల వడ్డీకి అప్పులిచ్చింది. ఈ వడ్డీకి అసలు మూడేళ్ళు కాస్త దాటేసరికి రెట్టింపవుతుంది. రెసిడెంటు మెట్‌కాఫ్ ఈ వ్యవహారాన్ని బయటపెట్టిన తరువాత, పామర్ బాకీ తీర్చడానికి ఉత్తర సర్కారుల నిమిత్తం కంపెనీ నిజాముకు ఏటా చెల్లించే 7 లక్షల పేష్కష్‌ను 1823లో శాశ్వతంగా వదులుకోవలసి వచ్చింది. అంటే కోస్తా జిల్లాలమీద నిజాముకు మిగిలిన చివరి రాబడి కూడా సైన్యం జీతాల వడ్డీలో కరిగిపోయింది. చందూలాల్ దానధర్మాలకు పేరుపొందినవాడు, కవి. కాని 1843లో ఆయన పదవి వదలేనాటికి ఖజానాలో అప్పు తప్ప ఏమీ లేదు.

1853 ఒప్పందం

సాహుకార్లు ఇవ్వడం మానిన తరువాత కాంటింజెంటు జీతాలను కంపెనీయే తన ఖజానా నుండి ఇచ్చి, వడ్డీతో సహా నిజాము పేర వ్రాసుకొంది. 1851లో నిజాము కొంత చెల్లించినా బాకీ మళ్ళీ పెరిగి 1853 నాటికి 40 లక్షలు దాటింది. డల్హౌసీ ఆదేశంపై రెసిడెంటు కర్నల్ లో కొత్త ఒప్పందం తెచ్చాడు. నాసిరుద్దౌలా చాలా రోజులు ప్రతిఘటించి చివరకు మే 21, 1853న అంగీకరించాడు. బేరార్, ధారాశివ్ - నల్‌దుర్గ్, రాయచూరు అంతర్వేది ప్రాంతాలు కంపెనీ నిర్వహణ క్రిందికి వెళ్ళాయి. వీటి మొత్తం రాబడి సుమారు 50 లక్షలు. దీనికి ప్రతిగా కంపెనీ కనీసం 5,000 మంది పదాతులు, 2,000 మంది ఆశ్వికులు, 4 ఫిరంగి దళాలతో హైదరాబాదు కాంటింజెంటును నిలపాలి. ఖర్చులు పోగా మిగిలినది లెక్కచెప్పి నిజాముకు ఇవ్వాలి.

రాజ్యంలో అన్నిటికన్నా మంచి పత్తి భూములు ఈ విధంగా చేయి జారాయి. ఒప్పందం జరిగిన కొద్ది రోజులకే దివాను సిరాజుల్ముల్క్ మరణించాడు. మే 31న తురాబ్ అలీ ఖాన్ దివాను అయ్యాడు. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్ళు.

ఈ ఒప్పందంలో ఒక విషయం గమనించదగినది. సికింద్రాబాదు, జాల్నా దండులలో ఆబ్కారీ రాబడిని చాలా ఏళ్ళుగా కంపెనీ తీసుకుంటూ ఉంది. అది నిజాముకు చెందవలసినదని హైదరాబాదు వాదన. దానిని కలిపి లెక్క కడితే నిజాము కంపెనీకి బాకీ పడినది దాదాపు ఏమీ లేదని 1860లో రెసిడెంటు డేవిడ్సన్ కూడా అభిప్రాయపడ్డాడు. అప్పటికే భూమి వెళ్ళి ఏడేళ్ళయింది.

అరబ్బు జమాదార్ల లెక్క

కొత్త దివాను ముందున్న వెంటనే తీరవలసిన పని కాంటింజెంటు కాదు, నగరంలోని అరబ్బులు. వీరిలో అధికులు దక్షిణ అరేబియాలోని హద్రమౌత్ నుండి వచ్చినవారు. వీరి జమాదార్లు ఒకే సమయంలో సైనికులను సరఫరా చేసేవారు, వడ్డీ వ్యాపారులు, శిస్తు వసూలుదార్లు కూడా. జీతాలు బకాయి పడినప్పుడు ప్రభుత్వం తనఖాగా వ్రాసిచ్చిన తాలూకాలు వారి చేతిలో ఉండేవి. బాకీదారులను తమ ఇళ్ళలోనే నిర్బంధించే జమాదార్లు ఉండేవారు. వీరి సంపద ఎంతటిదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. హైదరాబాదు కొలువులో సంపాదించిన జమాదారు ఉమర్ బిన్ అవజ్ అల్ కుఐతీ కుటుంబం ఆ ధనంతో హద్రమౌత్ తీరంలో ఒక సుల్తాను వంశాన్నే స్థాపించింది.

ఈ దళాలను ఒక్కసారిగా తొలగిస్తే ఖర్చు తగ్గుతుంది. కాని జీతం బాకీ ఉన్న ఆయుధపాణులను చార్మినారు వీధుల్లోకి వదిలినట్లవుతుంది. వారిని అణచాలంటే సికింద్రాబాదు నుండి కంపెనీ సేనను పిలవాలి, దాని మూల్యం ఇంకొక జిల్లా కావచ్చు. పోనీ అలాగే ఉంచుదామంటే వడ్డీ నిలువునా తింటుంది. సాలార్‌జంగ్ ఈ రెండింటినీ కాదని ఆలస్యమయ్యే మార్గాన్ని ఎంచుకున్నాడు. మొదట తనఖాలో ఉన్న తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించాడు. అరబ్బు జమాదార్ల లెక్కలు పరిశీలించి, న్యాయమైన బాకీని సాహుకార్ల దగ్గర తక్కువ వడ్డీకి తెచ్చిన అప్పుతో తీర్చి, భూమిని తిరిగి ప్రభుత్వ తాలూక్‌దారుల క్రిందికి తెచ్చాడు. విడిపించిన భూమి రాబడితో తరువాతి తాలూకా విడిపించడానికి వీలు కలిగింది. చందూలాల్ కాలంలో ఇవ్వడానికి వెనుదీసిన సాహుకార్లు ఈయనకు ఇవ్వడానికి కారణం, చెప్పిన తేదీకి చెల్లింపు జరగడమే.

సైనికుల విషయంలో కూడా ఇదే పద్ధతి. ఉన్నవారికి జీతాలు సకాలంలో ఇస్తూ, కొత్తవారి చేరికను అదుపుచేస్తూ సంఖ్య తానుగా తగ్గేటట్లు చూశాడు. అరబ్బుల మీద వచ్చే ఫిర్యాదుల విచారణకు ఏర్పాటు చేసి, ప్రైవేటు నిర్బంధాలను మాన్పించాడు. జమాదార్లను శత్రువులుగా చూడక, పెద్దవారిని గౌరవించి తన వైపు ఉంచుకున్నాడు. ఇంకొకవైపు ఇంగ్లీషు కవాతు నేర్చిన చిన్న దళాలను సొంతంగా తయారు చేయించాడు. నిజాము సైన్యంలో బాఖాయిదా (క్రమబద్ధ), బేఖాయిదా అనే విభజన ఇలా స్థిరపడింది. ఈ కొత్త దళాలు పెరగకుండా రెసిడెన్సీ ఎప్పుడూ కనిపెట్టి చూస్తూనే ఉండేది.

ఈ విధానంలో లోపం లేకపోలేదు. కాలం ఎక్కువ పట్టింది. కిరాయి సైనికుల జీతాలు ఆయన చివరి రోజుల వరకు ఖజానాకు భారంగానే ఉన్నాయి. తనఖా పోయిన జమాదార్లు, గుత్త పోయిన పాత తాలూక్‌దారులు, లంచం పోయిన దర్బారీలు ఆయనకు బద్ధశత్రువులయ్యారు.

1857

1857 మే నెలలో మీరట్ వార్తలు వచ్చిన రోజులలోనే నాసిరుద్దౌలా మరణించి అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. జూన్‌లో ఔరంగాబాదు వద్ద కాంటింజెంటు ఆశ్విక దళం తిరగబడింది. హైదరాబాదులో మక్కా మసీదు దగ్గర ప్రజలు గుమికూడారు, గోడలపై ప్రకటనలు వెలిశాయి. బుల్దానా వైపు నుండి పారిపోయి వచ్చిన జమాదారు చీదా ఖాన్‌ను, అతని అనుచరులను సాలార్‌జంగ్ రెసిడెంటుకు అప్పగించాడు. వారిని విడిపించాలని నగరం ఉడికిపోయింది. జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో సుమారు 500 మంది, ముఖ్యంగా రోహిల్లాలు, కోఠీలోని రెసిడెన్సీపై దాడి చేశారు. దివాను ముందుగానే డేవిడ్సన్‌కు కబురు పంపాడు. ఫిరంగులతో సిద్ధంగా ఉన్న రెసిడెన్సీ దళం రాత్రి గడిచేలోగా దాడిని త్రిప్పికొట్టింది. మౌల్వీని అండమానుకు పంపారు. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడి, 1859లో చెరనుండి తప్పించుకుని, తూప్రాన్ దగ్గర కాల్చి చంపబడ్డాడు.

ఆనాటి నుండి ఈనాటి వరకు సాలార్‌జంగ్‌పై జరిగే చర్చ అంతా ఈ సంఘటన చుట్టూనే. దక్షిణ భారతమంతా తిరుగుబాటులో చేరకపోవడానికి ఈయనే కారణమని ఇంగ్లీషు చరిత్రకారులు మెచ్చుకున్నారు. ఆ మెప్పే దేశాభిమానుల దృష్టిలో నేరమయింది. దివాను దగ్గర ఉన్న బలం ఎంత అని లెక్క వేస్తే, సొంత ఖజానా ఇంకా అప్పుల్లో ఉంది, నమ్మదగిన సేన ఇంకా తయారుకాలేదు, సికింద్రాబాదు, బొల్లారం రెండూ కంపెనీ చేతిలో ఉన్నాయి. తిరుగుబాటు ఓడితే రాజ్యమే మిగలదు, నాగపూరు, అవధ్ రాజ్యాలను కలుపుకొని ఎంతోకాలం కాలేదు. గెలిచినా నగరం ఎవరి చేతిలో ఉంటుందో చెప్పలేము. ఆయన నష్టం తక్కువగా కనిపించిన దారిని ఎంచుకున్నాడనే చెప్పాలి. అయితే ఆ లెక్కలో తుర్రెబాజ్ ఖాన్ వంటివారి ప్రాణాలు ఖర్చు వైపు వ్రాయబడ్డాయి. పాతనగరపు ప్రజలు అది మరచిపోలేదు. కోఠీలో ఆ వీరులకు స్మారకం ఉంది. తనపై జరిగిన హత్యాప్రయత్నాల నుండి (1859, 1868) సాలార్‌జంగ్ తృటిలో తప్పించుకున్నాడు.

మరొక విచిత్రం ఏమంటే, బేరార్ రాబడితో పోషింపబడిన కాంటింజెంటు 1858లో సర్ హ్యూ రోజ్ సేనతో కలిసి మధ్య భారతంలో ఝాన్సీ, కాల్పీ యుద్ధాలలో పోరాడింది. నిజాము భూమి ఖర్చుతో, నిజాముకు సంబంధంలేని పోరు అది.

1860 ఒప్పందం

ఈ సహాయానికి ప్రతిఫలంగా 1860లో 50 లక్షల బాకీ రద్దయింది. రాయచూరు అంతర్వేది, నల్‌దుర్గ్ తిరిగి వచ్చాయి. తిరుగుబాటు చేసిన రాజా వెంకటప్ప నాయకుని సురపురం సంస్థానాన్ని కూడా నిజాముకు ఇచ్చారు. నిజాము గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, సిరోంచ మొదలైన ప్రాంతాలను వదులుకున్నాడు. బేరార్ మాత్రం, 32 లక్షల రాబడి గల ప్రాంతంగా, కాంటింజెంటు ఖర్చుకు హామీగా ఇంగ్లీషువారి దగ్గరే ఉండిపోయింది. పైగా ఇకపై జమాఖర్చుల లెక్క అడగరాదని షరతు పెట్టారు. బాకీ పోయింది, దానితో పాటే లెక్క అడిగే హక్కూ పోయింది.

పాలనా సంస్కరణలు

గుత్త పద్ధతి రద్దుచేసి జీతగాళ్ళైన తాలూక్‌దారులను నియమించడం, హాలీ సిక్కా నాణేన్ని నగర టంకశాల నుండి ప్రామాణికంగా విడుదల చేయడం, 1865లో జిలాబందీ ద్వారా జిల్లాలను ఏర్పరచడం ఆయన ముఖ్యమైన చర్యలు. నగరంలో దారుల్ ఉలూం పాఠశాల 1850లలో స్థాపించబడింది. ఉత్తర భారతం నుండి సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మొహ్సినుల్ముల్క్ వంటి విద్యావంతులను రప్పించాడు. ముల్కీ, గైర్ ముల్కీ వివాదానికి బీజం ఇక్కడే పడిందని కూడా చెప్పుకోవాలి.

వాడి నుండి సికింద్రాబాదు వరకు రైలు మార్గం 1874లో పూర్తయింది. సికింద్రాబాదు దండును బొంబాయి - మద్రాసు మార్గంతో కలపడం ఇంగ్లీషువారికి సైనిక అవసరం. పెట్టుబడి భారం మాత్రం ప్రధానంగా నిజాము రాజ్యానిది.

అఫ్జలుద్దౌలా ఈయనను అవసరం కొద్దీ భరించాడే గాని నమ్మలేదు. నిజాము అనుమతి లేకుండా దివాను నగరం దాటడానికి వీలులేకుండేది. 1869లో రెండున్నర ఏళ్ళ మహబూబ్ అలీ ఖాన్ గద్దెనెక్కిన తరువాతనే, అమీరె కబీర్‌తో పాటు సహ ప్రతినిధిగా సాలార్‌జంగ్‌కు పూర్తి అధికారం దక్కింది.

బేరార్ కొరకు ప్రయత్నం

అధికారం దక్కగానే ఆయన చేపట్టిన పని బేరార్‌ను తిరిగి తేవడం. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో పత్తి ధర ఆకాశానికంటింది. రైలు వచ్చింది. బేరార్ రాబడి బాగా పెరిగింది. దానితో పాటే అక్కడి ఇంగ్లీషు పాలన ఖర్చు కూడా పెరిగి, నిజాముకు చేరే మిగులు ఆశించినంత లేదు. 1872లో దివాను ఒక క్రొత్త ప్రతిపాదన చేశాడు. కాంటింజెంటు జీతాలు ఆగిపోతాయన్న భయమే బేరార్‌ను ఉంచుకోవడానికి కారణమైతే, ఆ జీతాలకు సరిపడే వడ్డీ వచ్చేంత మొత్తాన్ని హైదరాబాదు నగదుగా డిపాజిట్ చేస్తుంది, భూమిని తిరిగి ఇవ్వాలి అని. 20 ఏళ్ళ క్రితం జీతాలివ్వలేని రాజ్యం ఇప్పుడు మూలధనం పెట్టగలనని అనడమే ఆయన పాలనకు పెద్ద నిదర్శనం. ఇంగ్లీషు ప్రభుత్వం ఒప్పుకోలేదు. సైన్యానికి హామీ నగదు కాదు, భూమియే కావాలన్నది. తరువాత శాంతి కాలంలో ఆ సైన్యం అవసరమే లేదని, దానిని రద్దుచేయవచ్చునని వాదించినా ఫలితం లేకపోయింది. ఖర్చు గురించిన అభ్యంతరం నిజానికి ఖర్చు గురించి కాదని దీనితో స్పష్టమయింది.

1876లో సాలార్‌జంగ్ ఇంగ్లండు వెళ్ళాడు. దారిలో రోములో బెన్జోనీ చెక్కిన మేలిముసుగు రెబెకా శిల్పాన్ని కొన్నాడు. పారిస్‌లో హోటలు మెట్లపై జారిపడి తుంటి ఎముక విరిగింది. అయినా ప్రయాణం ఆపలేదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది, లండన్ నగరం సత్కరించింది. బేరార్ మాత్రం రాలేదు. వైస్రాయి లిట్టన్ ఈయన పట్టుదలను ధిక్కారంగా భావించాడు. 1877లో ఈయన ఇష్టానికి విరుద్ధంగా, పాత ప్రత్యర్థి అయిన రషీదుద్దీన్ ఖాన్‌ను సహ ప్రతినిధిగా నియమించారు. నిజాముకు యుక్తవయసు వచ్చిన తరువాత బేరార్ సంగతి పరిశీలించవచ్చునని 1878లో లండన్ నుండి జవాబు వచ్చింది.

మరణం

ఆ రోజు వరకు ఆయన జీవించలేదు. ఫిబ్రవరి 8, 1883న కలరా సోకి ఒక్కరోజులోనే మరణించాడు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో మహబూబ్ అలీ ఖాన్‌కు పూర్తి అధికారాలు లభించాయి. ఈయన కుమారుడు రెండవ సాలార్‌జంగ్ (మీర్ లాయక్ అలీ ఖాన్) దివాను అయ్యాడు. 1902లో వైస్రాయి కర్జన్ ఏటా 25 లక్షల కౌలుకు బేరార్‌ను శాశ్వతంగా తీసుకున్నాడు. మరుసటి ఏడాది కాంటింజెంటు భారత సైన్యంలో కలిసిపోయింది. దాని పటాలాలలో ఒకదానికి 94వ రస్సెల్స్ పదాతి దళమనే పేరు మిగిలింది.

సాలార్‌జంగ్ సమాధి పాతనగరంలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఉంది. ఆయన నివసించిన దివాన్ దేవిడీలో 1951లో మ్యూజియం ప్రారంభమై, 1968లో మూసీ ఒడ్డున ఉన్న ప్రస్తుత భవనానికి మారింది. దేవిడీలో అధిక భాగం కూలిపోయి ఆ స్థలంలో దుకాణాలు వెలిశాయి.